పావు అంగుళం స్క్రూ

1811లో గుత్తి చుట్టుపక్కల నేలను విలియం లాంబ్టన్ మనుషులు ఉక్కు గొలుసుతో కొలిచారు. 1802లో మద్రాసు దగ్గర మొదలైన ఆ మహా సర్వే దక్షిణం కొస దాకా పోయి, మళ్లీ ఉత్తరానికి మళ్లి, మన దత్త మండలాల మీదుగా సాగింది. అంత పెద్ద సర్వేకి అక్కడక్కడా తప్పులేకుండా కొలిచిన ఆధార రేఖ ఒకటి కావాలి. గుత్తి దగ్గర కొలిచింది అలాంటిదే. వంద అడుగుల గొలుసును నేల మీద పరిచి లాగితే పని జరగదు. దాన్ని చెక్క పెట్టెల్లో పరిచి, పెట్టెల్ని ముక్కాలి పీటల మీద నిలిపి, మర తిప్పుతూ ఎత్తు సరిచెయ్యడం లాంబ్టన్ పద్ధతి. పక్కనే థర్మామీటర్లు ఉండేవి. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే వంద అడుగుల ఉక్కు మిల్లీమీటరులో మూడో వంతు సాగుతుంది. అనంతపురం జిల్లాలో తెల్లవారుజాముకీ మిట్టమధ్యాహ్నానికీ ఎన్ని డిగ్రీల తేడా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు.

కోణాలు చూడటానికి ఆయన దగ్గరున్న థియోడొలైటు బరువు దాదాపు అర టన్ను. లండన్‌లో విలియం కేరీ చేసిన పరికరం అది. 1808లో తంజావూరు పెద్ద గుడి గోపురం మీదికి లాగుతుంటే తాడు తెగి గోడకి కొట్టుకుంది, వలయం వంకరపోయింది. లాంబ్టన్ తనే కూర్చుని వారాల తరబడి దాన్ని సరిచేసుకున్నాడు. పరికరం ఎంత గొప్పదైనా, దాన్ని పట్టి ఉంచేది తెగితే అంతే సంగతులు.

కాంపాక్ట్ కెమెరాకి ప్లేటు ఏది కొనాలి, పట్టు ఏది అతికించాలి అని అడిగేవాళ్లకి నేను ఈ గుత్తి కథ చెబుతుంటాను. కెమెరా గురించి పుస్తకాలు రాశారు, లెన్సుల గురించి వాదించుకుంటారు. కెమెరాకీ కాళ్లకీ మధ్య ఉండే ఆ చిన్న అతుకు గురించి మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఫొటో చెదిరేది ఎక్కువగా అక్కడే.

మూడు కాళ్లే ఎందుకన్నది అందరికీ తెలిసిన లెక్కే. నాలుగు కాళ్ల కుర్చీ గుంతల నేల మీద ఊగుతుంది. మూడు కాళ్లది ఎక్కడ పెట్టినా ఊగదు, ఎందుకంటే మూడు బిందువుల గుండా ఎప్పుడూ ఒకే తలం పోతుంది. గుండ్లూ రాళ్లూ తప్ప చదును దొరకని మన సీమలో ఇది పెద్ద వరం. కాబట్టి కాళ్ల సమస్య ఫొటోగ్రఫీ పుట్టకముందే తీరిపోయింది. మిగిలింది పైన బిగించే సమస్య.

1860ల చివర్లో కెప్టెన్ ఎడ్మండ్ లయన్ దక్షిణాది గుళ్లని ఫొటోలు తీస్తూ తాడిపత్రికి వచ్చాడు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి గోపురాల మీద, పెమ్మసాని నాయకుల కాలంలో శిల్పులు పచ్చరాతిని చెక్కలా చెక్కిన చోట, వేలెడంత జాగా ఖాళీ ఉండదు. ఆ సన్నపనంతా గాజు పలక మీదికి రావాలంటే కెమెరా సెకన్ల పాటు కదలకూడదు. అప్పటి కెమెరా అంటే పెద్ద చెక్క పెట్టె, ముందు తోలు తిత్తి. దాన్ని కాళ్ల మీద కూర్చోబెట్టి కింద నుంచి స్క్రూతో బిగించేవాళ్లు. ఒక్కో తయారీదారుదీ ఒక్కో స్క్రూ. కాలు ఒకరిది, పెట్టె ఒకరిది అయితే రెండూ కలవాలన్న హామీ లేదు.

ఈ గందరగోళానికి మందు కెమెరావాళ్లు వెతకలేదు. రైలింజన్లు, మగ్గాలు చేసేవాళ్లు వెతికారు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ బోల్టులన్నిటికీ ఒకే తీరు చుట్లు ఉండాలని ప్రతిపాదించాడు. చుట్టు కోణం 55 డిగ్రీలు, పావు అంగుళం బోల్టుకి అంగుళానికి 20 చుట్లు, మూడు ఎనిమిదోవంతుల బోల్టుకి 16. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ వేరే పద్ధతి పెట్టాడు. ఆయన కోణం 60 డిగ్రీలు, లేతు మీద చెయ్యడం ఇంకా తేలిక. ఆ రెండు దేశాల అర అంగుళం బోల్టూ నట్టూ ఒకదానిలో ఒకటి ఎక్కవు, ఒకరిది 12 చుట్లు, ఇంకొకరిది 13. పావు అంగుళానికీ మూడు ఎనిమిదోవంతులకీ మాత్రం చుట్ల లెక్క రెండు చోట్లా ఒకటే అయ్యింది. కోణంలో తేడా ఉన్నా కాస్త వదులుగా ఎక్కుతాయి. ఫొటోగ్రఫీ ఎంచుకున్నది సరిగ్గా ఈ రెండు కొలతలనే. వందేళ్ల నాటి కెమెరాకి ఇవాళ్టి ట్రైపాడ్ బిగుస్తోందంటే కారణం ఇదే, నాకిది ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. చిన్న కెమెరాలకి పావు అంగుళం, పెద్దవాటికీ ట్రైపాడ్ తలలకీ మూడు ఎనిమిదోవంతులు స్థిరపడ్డాయి. ఇప్పుడు దానికి ఐఎస్ఓ 1222 అని ప్రమాణం కూడా ఉంది. భూమి కొలిచేవాళ్ల దారి వేరు. పొలాల్లో రీసర్వేకి వచ్చే పరికరాల కాళ్ల మీద ఇప్పటికీ అయిదు ఎనిమిదోవంతుల స్క్రూనే ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ట్రైపాడ్ స్క్రూ పోయిందని హార్డ్‌వేర్ షాపుకెళ్లి అడిగితే చేతికి 6 మిల్లీమీటర్ల బోల్టు వస్తుంది. చూడ్డానికి అదే. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు, కంటికి తేడా తెలియదు. కెమెరా అడుగున పెట్టి తిప్పితే మొదటి చుట్టు హాయిగా ఎక్కుతుంది. దాని చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 1 మిల్లీమీటరు, కెమెరా లోపలి చుట్ల దూరం 1.27. రెండు మూడు చుట్లు తిరిగేసరికి పట్టేస్తుంది. బిగిసిందేమో అనుకుని ఇంకో తిప్పు తిప్పారంటే లోపలి చుట్లు అరిగిపోతాయి, కెమెరా అడుగు పాడైనట్టే. అడగాల్సింది ‘పావించి, ఇరవై చుట్లు’ అని. లేత్ షాపులో పనిచేసే ఏ మేస్త్రీకైనా ఆ మాట చాలు. అతని దగ్గర విట్‌వర్త్ ట్యాప్ కూడా ఉంటుంది. 6 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీ మీద కన్నం వేసి తీరుగా చుట్లు దింపి ఇస్తాడు. ఆ పట్టీని పావు అంగుళం స్క్రూ ఉన్న ఏ ట్రైపాడ్‌కైనా బిగించుకోవచ్చు.

స్క్రూతో ఉన్న ఇబ్బంది ఒక్కటే, నిదానం. ప్రతిసారీ కెమెరాని గుండ్రంగా తిప్పుతూ ఎక్కించాలి, దించాలి. అందుకని కెమెరాకి ఒక ప్లేటు శాశ్వతంగా బిగించి, ఆ ప్లేటును ట్రైపాడ్ తల మీది నోట్లోకి జొనిపి పట్టించే ఏర్పాటు వచ్చింది. ఇటలీ మాన్‌ఫ్రోట్టో ప్లేటుది దాని సొంత ఆకారం, మామూలుగా వేరే తలకి పట్టదు. 1926లో జూరిచ్‌లో మొదలైన ఆర్కా-స్విస్ వాళ్ల ప్లేటు మాత్రం లోకమంతా పాకింది. దాదాపు 38 మిల్లీమీటర్ల వెడల్పు, రెండు అంచులూ 45 డిగ్రీల ఏటవాలుగా కోసి ఉంటాయి. బిగించే నోటి దవడ ఆ వాలు మీద నొక్కితే ప్లేటు కిందికి దిగబడుతుంది, ఎంత నొక్కితే అంత గట్టిగా కూర్చుంటుంది. దీన్ని ఏ సంస్థా ప్రమాణంగా రాసి ఆమోదించలేదు. అందరూ చూసి చేసుకున్నారు. కాబట్టి వెడల్పులో కొద్దిపాటి తేడాలుంటాయి. మీట నొక్కి బిగించే తల ఒక కంపెనీ ప్లేటుకి సరిపోయి ఇంకో కంపెనీ ప్లేటుకి వదులవుతుంది. మర తిప్పి బిగించే తల అయితే ఆ బాధ లేదు. వేర్వేరు చోట్ల కొన్న ప్లేట్లు ఇంట్లో ఉన్నవాళ్లు తిప్పే రకమే కొనాలి.

కాంపాక్ట్ కెమెరాకి వచ్చేసరికి చిక్కులు వేరు. దాని బరువు పావుకిలో నుంచి మూడొందల గ్రాములు. అడుగు భాగం ఆర్కా ప్లేటు వెడల్పు కంటే సన్నగా ఉంటుంది. మామూలు ప్లేటు బిగిస్తే ముందుకో వెనక్కో పొడుచుకొస్తుంది. ముందుకొస్తే లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పడానికి వేలు పట్టదు, వెనక్కొస్తే మడిచే స్క్రీను తెరుచుకోదు. స్క్రూ కన్నం చాలా మోడళ్లలో లెన్సుకి సూటిగా కింద ఉండదు, పక్కకి జరిగి బ్యాటరీ తలుపుని ఆనుకుని ఉంటుంది. ప్లేటు ఆ తలుపుకి అడ్డం పడితే కార్డు తియ్యాలన్నా బ్యాటరీ మార్చాలన్నా అలెన్ కీ తీసి ప్లేటు విప్పాల్సిందే. ఎండలో, చేతులకి ఎర్రమట్టి అంటుకుని ఉన్నప్పుడు, ఆ చిన్న స్క్రూ బండల సందులో పడితే దొరకదు.

అందుకే నా మాట ఇది. అదే మోడల్‌కి కొలిచి చేసిన ప్లేటు దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే కొనండి. దానికి వెనక అంచున చిన్న గట్టు ఉంటుంది. ఆ గట్టు కెమెరా వీపుని ఆనుకుని ఉండటం వల్ల కెమెరా స్క్రూ చుట్టూ మెలిపడదు. బ్యాటరీ తలుపు దగ్గర కోత పెట్టి ఉంటారు. నిలువు ఫొటోలు ఎక్కువ తీసేవాళ్లు ఎల్ ఆకారం ప్లేటు తీసుకోవచ్చు. ట్రైపాడ్ తలని పక్కకి వాల్చకుండా కెమెరాని ప్లేటుతో సహా తిప్పి పెట్టుకోవచ్చు, బరువు కాళ్ల నడిమధ్యనే ఉంటుంది. మూడొందల గ్రాముల కెమెరాకి అది తప్పనిసరి అని నేను అనను. సార్వత్రిక ప్లేటుతోనే సరిపెట్టుకోవాల్సి వస్తే అందులో అతి చిన్నది, పైన రబ్బరు పొర పలచగా ఉన్నది చూడండి. మందపాటి రబ్బరు మెత్తగా నొక్కుకుని ఊగుతుంది. స్క్రూ పొడవు కూడా చూడాలి. కన్నం లోతు కంటే పొడవైతే కొస లోపల తగిలి బిగిసినట్టు అనిపిస్తుంది, ప్లేటు మాత్రం వదులుగానే ఉంటుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, గాలి. అనంతపురం వర్షచ్ఛాయ ప్రాంతం. నైరుతి మేఘాలు మన నెత్తి మీదుగా పోతాయి, వాన అంతగా ఇవ్వవు, గాలి మాత్రం ఇస్తాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కూడా కష్టంగా పడే ఈ నేల మీద జూన్ నుంచి ఆగస్టు దాకా గాలికి కొదవ లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు 1990లలోనే లేచాయంటే కారణం అదే. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. సాయంత్రం వెలుగు తగ్గాక ఆ గాలిమరల్ని సెకను పైగా షట్టర్ తెరిచి తీస్తే రెక్కలు పొగలా తిరుగుతూ, స్తంభం నిక్కచ్చిగా రావాలి. స్తంభం కూడా రెండుగా కనిపిస్తే కెమెరా వణికిందన్నమాట. మొదట కెమెరా మెడపట్టీ విప్పెయ్యండి, అది రెపరెపలాడి కెమెరాని కొడుతుంది. ట్రైపాడ్ నడిమి కడ్డీ పైకి లేపొద్దు. సంచీ వేలాడదీస్తే అది గాలికి ఊగి ఇంకా చెడగొడుతుంది, అడుగు నేలకి తగిలేలా దించి కట్టండి. ఇవన్నీ చేసినా ప్లేటు దగ్గర వెంట్రుకవాసి వదులుంటే లాభం లేదు. బిగించేముందు ప్లేటు అంచుల్ని బ్రష్‌తో దులపండి. ఒక్క ఇసుక రేణువు చాలు, దవడ పూర్తిగా మూసుకోదు.

ఇక పట్టు సంగతి. ట్రైపాడ్ పెట్టనివ్వని చోటే దాని విలువ తెలుస్తుంది, అలాంటి చోటు మనకి లేపాక్షి. విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు అచ్యుతదేవరాయల కాలంలో కట్టించిన వీరభద్రాలయం మంటపాల కప్పు నిండా రంగుల బొమ్మలు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుడి కాబట్టి ట్రైపాడ్‌కి ముందస్తు అనుమతి కావాలి, ఫ్లాష్ కొట్టి ఆ రంగుల్ని బాధపెట్టకూడదు. మంటపం లోపల వెలుగు తక్కువ, మెడ వెనక్కి వాల్చి పైకి తియ్యాలి. కాంపాక్ట్ కెమెరాలో కన్ను ఆనించే గవాక్షం చాలా మోడళ్లకి ఉండదు. చేతులు చాపి స్క్రీను చూస్తూ తియ్యాలి. నున్నటి అల్యూమినియం ఒళ్లు, చెమట పట్టిన చెయ్యి. కెమెరా జారుతుందేమోనని అయిదు వేళ్లతో బిగించి పట్టుకుంటాం. ఆ బిగింపులోనే వణుకుంది. ముందు భాగంలో ఒక నిలువు గట్టు అతికిస్తే నడిమివేలు దానికి తగులుకుని బరువు మోస్తుంది, చూపుడువేలు తేలికై షట్టర్‌ని మెల్లగా నొక్కగలుగుతుంది. షట్టర్ సెకనులో పదిహేనో వంతు తెరిచి ఉన్నప్పుడు ఆ మెల్లదనమే వీరభద్రుడి కళ్ల గీతని నిలబెడుతుంది.

అతికించే పట్టుల్లో రెండు తరహాలు. కెమెరా కంపెనీలు అమ్మేవి మెత్తటి రబ్బరువి, చవక. సోనీ ఆర్ఎక్స్100కి దాని కంపెనీయే అలాంటిది ఇస్తుంది. లోహాన్ని కోసి చేసేవి రెండో రకం. కాంపాక్ట్ కెమెరాల కోసం అలాంటివి చేసి అమెరికాలో రిచర్డ్ ఫ్రానియెక్ పేరు తెచ్చుకున్నాడు. ఏదైనా రెండు వైపులా జిగురున్న టేపుతోనే అంటుకుంటుంది. అతికించేముందు కెమెరా ఒంటి మీది చేతి జిడ్డును స్పిరిట్‌తో తుడిచి, గట్టిగా నొక్కి, ఒక రోజు ముట్టుకోకుండా ఉంచాలి. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద కెమెరా వదిలేసే అలవాటుంటే రబ్బరుది కొనకండి, ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు జిగటగా తయారవుతుంది.

వెనక వైపు బొటనవేలికి ఆసరాగా అతికించేది కూడా అమ్ముతారు. లేపాక్షికి వెళ్లేవాళ్లకి అది వద్దంటాను. కప్పు బొమ్మలకి అన్నిటికంటే మంచి ఉపాయం, అక్కడి సిబ్బందిని అడిగి కెమెరాని మడతపెట్టిన చేతిరుమాలు మీద వెల్లకిలా పడుకోబెట్టడం. లెన్సు నేరుగా పైకి చూస్తుంది, రెండు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేస్తే బండరాతి నేల కంటే గట్టి ట్రైపాడ్ ఇంకోటి లేదు. వీపున గట్టు ఉంటే కెమెరా ఒక పక్కకి ఒరిగి బొమ్మ ఏటవాలుగా వస్తుంది. ఆర్కా ప్లేటునీ ముందు పట్టునీ ఒక్కటిగా కలిపి చేసిన లోహపు చట్రాలు కూడా ఉన్నాయి, రామగిరికీ లేపాక్షికీ ఒకటే సరిపోతుందని అనిపిస్తుంది. కానీ అవి బిగిస్తే కెమెరా ఇక చొక్కా జేబులో పట్టదు. జేబులో పట్టాలనే కదా కాంపాక్ట్ కొన్నాం. సన్నటి ప్లేటు సంచీలో, ముందు పట్టు కెమెరాకి, అలెన్ కీ తాళాల గుత్తికి తగిలించి ఉంటే చాలు.