నల్లటి కాగితం... తెల్లబోయిన వాద్యకారులు

1919 ఫిబ్రవరి. మదనపల్లె బిసెంట్ థియసాఫికల్ కాలేజీ. విశ్వకవి రవీంద్రనాథ్ టాగోర్ అక్కడ అతిథిగా ఉన్నారు. ఆయన 'జనగణమన' పాడితే విద్యార్థులు వెంట పాడి నేర్చేసుకున్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతం చదువుకున్నావిడ. ఆ బాణీని ఐదు గీతల మీద స్వరాలుగా రాసిపెట్టారు. ఇక ఆ కాగితం చదవడం వచ్చిన వాళ్లెవరైనా, ఏ దేశంలో ఉన్నా ఆ పాట వాయించగలరు.

కలకడ, పుంగనూరు, కుప్పం వైపు ఈ కథ చాలామందికి తెలిసిందే. మరి కాగితం మీద రాస్తే చాలా? పాట దానంతటదే పలుకుతుందా? ఈ ప్రశ్నతో ముప్పయ్యేళ్లు కుస్తీ పట్టాడు అమెరికాలో ఒక రాక్ గిటారిస్టు. పేరు ఫ్రాంక్ జప్పా.

జేబులో 3 డాలర్ల 80 సెంట్లు

జప్పా 1940 డిసెంబరు 21న బాల్టిమోర్‌లో పుట్టాడు. పదమూడేళ్ల వయసప్పుడు పత్రికలో ఒక రికార్డు గురించి చదివాడు. ఎడ్గార్ వరేజ్ అనే ఫ్రెంచి స్వరకర్తది. అందులో డప్పుల గోల తప్ప ఏమీ లేదన్నట్టు రాశారట. ఇంకో పిల్లాడైతే పేజీ తిప్పేసేవాడు. ఇతను ఆ రికార్డు కోసం ఏడాదికి పైగా వెతికాడు! చివరికి ఒక దుకాణంలో దొరికింది. ధర 5 డాలర్ల 95 సెంట్లు. జేబులో ఉన్నవి 3 డాలర్ల 80 సెంట్లే. కొనేవాడు మళ్లీ దొరుకుతాడో లేదోనని షాపతను తగ్గించి ఇచ్చేశాడు.

ఆ రికార్డులో 'అయొనైజేషన్' ఉంది. 1931లో రాసిన ఈ రచనను పదమూడు మంది వాయించాలి. అన్నీ తాళవాద్యాలే, మధ్యలో సైరన్ల మోత. ఆ శబ్దాలు అమ్మ భరించలేకపోయింది. గ్రామఫోను పిల్లాడి గదిలోకి చేరింది. పదిహేనో పుట్టినరోజుకు అమ్మ 5 డాలర్లు ఇవ్వబోతే, వాటి బదులు న్యూయార్కులోని వరేజ్‌కు ట్రంకాల్ చేసుకుంటానన్నాడు. ఆ రోజు ఆయన ఊళ్లో లేరు. తర్వాత ఫోన్లో మాట్లాడారు, ఉత్తరం కూడా రాశారు. 1965లో వరేజ్ కన్నుమూశారు. ఇద్దరూ ఎదురుపడనే లేదు.

జప్పాకు గురువంటూ లేడు. స్వరాలు రాయడం గ్రంథాలయం పుస్తకాలు చూసి నేర్చుకున్నాడు. 1963లో టీవీ షోకి వెళ్లి సైకిల్ వాయించాడు! చువ్వలు మీటాడు, హ్యాండిల్‌లో ఊదాడు. జనం నవ్వారు. అతను మాత్రం నవ్వులాటగా చేయలేదు.

ఖండం, మిశ్రం, ఆపైన...

'మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్' బృందంతో 1966లో తొలి ఆల్బమ్ వచ్చింది. అతని పాటల్లో వెటకారం, బూతు దండిగా ఉంటాయి. వాటిని వెనకేసుకురావాల్సిన పనేం లేదు. లండన్‌లోని ఆల్బర్ట్ హాలు 1971లో అతని కచేరీని ఆ కారణంతోనే రద్దు చేసింది. అయితే రాక్‌తో వచ్చిన డబ్బులు వెళ్లింది మాత్రం ఆర్కెస్ట్రా రచనలకే. 1970లో లాస్ ఏంజెలిస్ ఫిల్హార్మోనిక్ అతని బృందంతో కలిసి వాయించింది. కండక్టర్ ఎవరో కాదు, మన ముంబయి వాడు జుబిన్ మెహతా.

చిక్కంతా లయతోనే. ఒక్కో దెబ్బకు నాలుగు అక్షరాల బదులు ఐదు పలికితే ఖండగతి, ఏడైతే మిశ్రగతి. తని ఆవర్తనం వినేవారికి ఇది కొత్త కాదు. జప్పా ఒక గతిలో ఇంకో గతిని దూర్చేవాడు. డ్రమ్స్ కోసం రాసిన ఒక రచనకు 'ద బ్లాక్ పేజ్' అని పేరు పెట్టాడు. కిక్కిరిసిన స్వరాలతో కాగితం నల్లగా కనిపిస్తుందని! 'మాల్గుడి డేస్' సంగీత దర్శకుడు ఎల్.వైద్యనాథన్ తమ్ముడు, వయొలిన్ విద్వాంసుడు ఎల్.శంకర్ 1979 ఆల్బమ్‌ను నిర్మించింది కూడా ఇతనే.

మన మృదంగ విద్వాంసులు ఈ గతుల్ని ఏళ్ల తరబడి నోటితో పలికి, ఆ తర్వాతే చేతికి తెచ్చుకుంటారు. పాశ్చాత్య ఆర్కెస్ట్రాకు ఆ తీరిక లేదు. గంటల లెక్కన జీతాలు. బీథోవెన్ అయితే అందరికీ కంఠతా వచ్చు. కొత్త రచనకు మూడు నాలుగు రిహార్సళ్లు దక్కితే గొప్ప. 1983 జనవరిలో జప్పా సొంత డబ్బు పోసి లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేయించాడు. కండక్టర్ కెంట్ నగానో అప్పటికి పెద్దగా పేరు లేని కుర్రాడు. విరామంలో పబ్బుకెళ్లిన ట్రంపెట్ వాళ్లు ఆలస్యంగా వచ్చారని, అపస్వరాలు కప్పడానికి టేపును ఎన్నోచోట్ల కోసి అతికించాల్సి వచ్చిందని జప్పా తర్వాత రాసుకున్నాడు. ఆర్కెస్ట్రా వాళ్లను అడిగితే ఇంకో కథ చెబుతారేమో. ఎవరైనా సరే, అన్ని నల్ల కాగితాలు అంత తక్కువ వ్యవధిలో ముందు పెడితే తెల్లబోక ఏం చేస్తారు?

మరుసటి ఏడాది పారిస్‌లో పియరీ బూలెజ్ అంతటివాడు అతని రచనల్ని వాయింపజేశాడు. గౌరవం దక్కింది. రిహార్సళ్లు చాల్లేదన్న అసంతృప్తి మాత్రం జప్పాకు పోలేదు.

మనుషుల బదులు మర

దాంతో విసిగి 'సింక్లావియర్' అనే కంప్యూటర్ వాద్యం ముందు కూర్చున్నాడు. ఎంత కష్టమైన లయ రాసినా మర ఠంచనుగా వాయించేస్తుంది. అలసట లేదు, పబ్బు లేదు. దాదాపు మొత్తం దాని మీదే చేసిన 'జాజ్ ఫ్రమ్ హెల్' 1986లో వచ్చింది, 1988లో గ్రామీ తెచ్చింది. కథ అక్కడితో అయిపోయేదే.

కానీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 'ఎన్సెంబుల్ మోడర్న్' అనే బృందం ఉంది. కొత్త సంగీతమే వాళ్ల ప్రాణం. 1991లో వాళ్లు లాస్ ఏంజెలిస్ వెళ్లి, జప్పాతో రెండు వారాలు కూర్చున్నారు. ఒక్కో వాద్యం ఏయే వింత శబ్దం చేయగలదో అతనికి వినిపించారు. తర్వాత నెలల తరబడి సాధన చేశారు. అప్పటికే జప్పాకు ప్రొస్టేట్ క్యాన్సర్. 1990లో బయటపడింది, అప్పటికే ముదిరిపోయింది.

1992 సెప్టెంబరు 17, ఫ్రాంక్‌ఫర్ట్. మనుషుల వల్ల కాదనుకుని మర మీద చేసిన ఒక రచన (దాని పేరు ఇంటిల్లిపాదీ చదివే పేజీలో వేసేది కాదు లెండి) ఆ రాత్రి మనుషులే వాయించారు. కండక్టర్ పీటర్ రుండెల్ పక్కకు జరిగితే, జప్పానే వేదికెక్కి ఆ రచనను నడిపించాడు. హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు ఇరవై నిమిషాలు మోగాయి.

తర్వాత బెర్లిన్‌లో, వియన్నాలో కచేరీలు జరిగాయి. ఆరోగ్యం సహకరించక అన్నిటికీ అతను ఉండలేకపోయాడు. ఆ కచేరీల రికార్డు 'ద ఎల్లో షార్క్' 1993 నవంబరు 2న విడుదలైంది. డిసెంబరు 4న జప్పా పోయాడు. యాభై మూడు నిండడానికి ఇంకా పదిహేడు రోజులుంది.