బయాప్సీ ముక్క ఫార్మలిన్‌లో ఎన్ని గంటలుంది..? క్యాన్సర్ జీన్ టెస్టుకు అదెందుకంత ముఖ్యం..?

క్యాన్సర్ అనుమానం ఉంటే డాక్టర్లు బయాప్సీ చేస్తారు. తీసిన ముక్కను ఫార్మలిన్ డబ్బాలో వేసి ల్యాబ్‌కు పంపుతారు. ఇప్పుడు అదే ముక్క నుంచి డీఎన్ఏ తీసి జీన్ టెస్టులూ చేస్తున్నారు. ఉదాహరణకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ జీన్‌లో కొన్ని రకాల మార్పులుంటే జెఫిటినిబ్, ఓసిమెర్టినిబ్ లాంటి మాత్రలు పనిచేస్తాయి. లేకపోతే వైద్యం దారే వేరు. అందుకే ఆ ముక్కలో డీఎన్ఏ బాగుండటం చాలా ముఖ్యం.

ఫార్మలిన్ ఏం చేస్తుందంటే..

శరీరం నుంచి తీసిన వెంటనే ముక్కలోని కణాలు పాడవడం మొదలవుతుంది. ఫార్మలిన్ దాన్ని ఆపుతుంది. ప్రొటీన్లను, డీఎన్ఏను ఒకదానికొకటి అతికించి కణాల ఆకారాన్ని నిలబెడుతుంది. మైక్రోస్కోప్‌లో చూడటానికి ఇది బాగా పనికొస్తుంది. చిక్కంతా జీన్ టెస్టు దగ్గరే. ఫార్మలిన్ ప్రభావంతో డీఎన్ఏ చిన్న చిన్న ముక్కలవుతుంది. అంతేకాదు.. డీఎన్ఏలోని ‘సి’ అక్షరం అక్కడక్కడా దెబ్బతిని టెస్టులో ‘టి’గా కనిపిస్తుంది. అంటే రోగిలో లేని మార్పు ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. దీన్ని తగ్గించడానికి కొన్ని ల్యాబ్‌లు యూడీజీ అనే ఎంజైమ్ వాడతాయి.

టైమింగే కీలకం..

రొమ్ము క్యాన్సర్‌లో చేసే హెర్2 లాంటి పరీక్షలకు ముక్క ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు ఉండాలని అమెరికా నిపుణుల సంఘాల గైడ్‌లైన్స్ చెబుతున్నాయి. తక్కువైతే ఫార్మలిన్ లోపలిదాకా చేరదు. రోజుల తరబడి ఉంచేస్తే డీఎన్ఏ మరింత దెబ్బతింటుంది. ముక్క తీసిన గంటలోపే ఫార్మలిన్‌లో వేయాలి. అది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ అయి ఉండాలి.. ముక్క కంటే దాదాపు 10 రెట్లు పోయాలి. ఎముక ముక్కలను మెత్తబరచడానికి ఘాటైన యాసిడ్ వాడితే డీఎన్ఏ బాగా పాడవుతుంది. ఈడీటీఏ వాడితే నష్టం తక్కువ.

ఫ్రీజ్ చేస్తే సరిపోదా..?

లిక్విడ్ నైట్రోజన్‌తో గడ్డకట్టించి మైనస్ 80 డిగ్రీల్లో దాస్తే డీఎన్ఏ చాలా బాగుంటుంది. కానీ ఖర్చెక్కువ.. కరెంట్ పోకూడదు. ఫార్మలిన్ తర్వాత మైనంలో పెట్టిన బ్లాకులైతే మామూలు గదిలోనే ఏళ్ల తరబడి ఉంటాయి. అందుకే ఆసుపత్రులు ఈ పద్ధతినే వాడుతున్నాయి.

రోగి బంధువులు ఏం చేయాలి..?

డబ్బా చేతికిస్తే ఇంట్లో ఉంచేయకుండా నేరుగా ల్యాబ్‌లో ఇవ్వాలి. అందులో నీళ్లు కలపొద్దు. ముక్క తీసిన టైమ్ డబ్బాపైనో, ఫారంపైనో రాశారో లేదో చూసుకోవాలి. మరో ఆసుపత్రికి మారితే స్లైడ్లతో పాటు బ్లాక్ కూడా అడిగి తీసుకోవాలి. ఇక రిపోర్టులో ‘డీఎన్ఏ సరిపోలేదు’ అని వస్తే జీన్‌లో మార్పు లేదని కాదు.. టెస్టు తేలలేదని మాత్రమే అర్థం. అప్పుడు మళ్లీ బయాప్సీ చేయాలా, రక్తంతో చేసే జీన్ టెస్టు కుదురుతుందా అని డాక్టర్‌ను అడగాలి.