కమ్యూనిటీ మీడియా ట్రస్టు, పస్తాపూర్

కమ్యూనిటీ మీడియా ట్రస్టు తెలంగాణ రాష్ట్రం, సంగారెడ్డి జిల్లా (2016 వరకు మెదక్ జిల్లా), జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా ఏర్పడిన గ్రామీణ మహిళల చిత్రనిర్మాణ బృందం. విత్తనం, నేల, చిరుధాన్యాలు, జీవవైవిధ్యం ఈ బృందం చిత్రాలలోని ప్రధాన విషయాలు. ఒక సమస్యను అనుభవిస్తున్నవారే దానిని చిత్రించడాన్ని భాగస్వామ్య చిత్రనిర్మాణం అంటారు.

నేపథ్యం

ఈ పద్ధతికి తొలి ఉదాహరణగా 1967లో కెనడాలోని ఫోగో దీవిలో జరిగిన ప్రయోగాన్ని పేర్కొంటారు. దీవిని ఖాళీ చేయవలసి వస్తుందన్న భయంలో ఉన్న జాలరుల మాటలను దర్శకుడు కాలిన్ లో చిత్రించి, వాటిని వారికే ప్రదర్శించాడు. వాటిని చూసి చర్చించుకొన్న దీవివాసులు సహకార సంఘం స్థాపించుకొని అక్కడే నిలిచారు. అయితే అక్కడ కెమెరా నిపుణుల చేతిలోనే ఉన్నది. పస్తాపూర్‌లో అది గ్రామస్థుల చేతికి వచ్చింది.

1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ ప్రాంతంలో పేద మహిళలతో, ముఖ్యంగా దళిత మహిళలతో, సంఘాలను ఏర్పరచింది. సంస్థ వ్యవస్థాపకులలో ఒకరైన పి.వి.సతీష్ (మరణం 2023) అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేశారు. 1990ల చివరి భాగంలో సంఘ సభ్యులకు వీడియో శిక్షణ మొదలైంది. 2001లో ట్రస్టు ఏర్పడింది.

పనితీరు

శిక్షణ పొందినవారిలో చాలామందికి చదవడం, వ్రాయడం రాదు. అందువలన సాంకేతిక పదాలకు వారు తమ జీవితం నుండే పేర్లు పెట్టుకొన్నారు. ఎదుటి మనిషి కంటికి సమానమైన ఎత్తులో కెమెరా ఉంచి తీసేది "సంఘం షాట్", ఎందుకంటే సంఘంలో అందరూ సమానులు. పైనుండి, క్రిందినుండి తీసే షాట్లకు పటేలుకూ కూలీకీ మధ్య ఉండే ఎక్కువ తక్కువలను బట్టి పేర్లు వచ్చాయి.

బి.టి. పత్తి చిత్రాలు

2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వం మెక్-12, మెక్-162, మెక్-184 అనే బి.టి. పత్తి సంకరాల సాగుకు మూడేళ్ళ అనుమతి ఇచ్చింది. బృందం సభ్యులు వరంగల్ జిల్లా రైతుల పొలాలకు పంటకాలంలో పలుమార్లు వెళ్ళి, విత్తిన నాటి ఆశ మొదలు పంట చేతికి వచ్చేనాటి నిరాశ వరకు చిత్రించారు. ఈ చిత్రం 2003లో వెలువడింది. మూడేళ్ళ అనుభవాన్ని చూపే మరొక చిత్రం 2005లో వచ్చింది. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్‌లో ఈ మూడు సంకరాలకు అనుమతి పునరుద్ధరించబడలేదు.

పరిమితులు, ప్రాముఖ్యత

ఈ నిర్ణయానికి చిత్రాలే కారణమని చెప్పలేము. తరువాత వచ్చిన ఇతర బి.టి. సంకరాలు దేశంలోని పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా ఆక్రమించాయి. వాటి లాభనష్టాలపై శాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కొందరు రైతుల అనుభవం జిల్లా మొత్తానికి లెక్క కాజాలదు. అయినప్పటికీ లెక్కలలో కనిపించని అప్పు, ఎండిన చేను, రైతు సొంత మాట ఈ చిత్రాలలో సాక్ష్యంగా నిలిచాయి. రైతును ప్రశ్నించినదీ సాటి రైతే కావడం వీటి ప్రత్యేకత.

సంఘం రేడియో

2008లో ఝరాసంగం మండలం మాచ్నూర్‌లో ఈ మహిళలే నడిపే సంఘం రేడియో (90.4 ఎఫ్.ఎం.) ప్రారంభమైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.