వంగే సాకెట్.. ఎంత వంగితే అంత మంచిదా?

ట్రేడ్ టెస్టుకు వెళ్లారనుకోండి. బల్ల మీద నాలుగు పనిముట్లు పెట్టి, ‘గేర్‌బాక్స్ పైన ఉన్న ఆ బోల్టు విప్పాలి. దేంతో విప్పుతావు?’ అని సూపర్‌వైజర్ అడిగారు. చాలామంది చెయ్యి అన్నిటికంటే ఎక్కువగా వంగే సాకెట్ మీదికే వెళ్తుంది. ‘అదే ఎందుకు?’ అనే రెండో ప్రశ్న దగ్గర మాట ఆగిపోతుంది. ఉద్యోగం వచ్చేదీ, చేజారేదీ చాలాసార్లు ఆ రెండో ప్రశ్న దగ్గరే. ఐటీఐ, డిప్లొమా, మెకానికల్ బీటెక్.. ఏది చదివినవారికైనా దాని జవాబు సిలబస్‌లోనే ఉంది. అదేంటో చూద్దాం!

అసలు ఎక్కడ అవసరం?

సాకెట్ అంటే బోల్టు తలను చుట్టూ పట్టుకునే పానా. కొన్ని షెడ్లలో ‘గోటీ’ అనీ అంటారు. రాట్చెట్‌కు తగిలించి తిప్పుతాం. బోల్టుకు ఎదురుగా నిలబడే చోటుంటే మామూలు సాకెట్‌ను మించింది లేదు. చిక్కల్లా ఆ చోటు లేనప్పుడే! స్టార్టర్ మోటారు వెనక బోల్టు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నట్లు, ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే బెల్ హౌసింగ్ పై బోల్టులు.. వీటికి అడ్డంగా ఏదో ఒక పైపో, బ్రాకెట్టో ఉంటుంది. అక్కడ పక్కనుంచి, కాస్త వంపుగా చేరాలి. అందుకు పుట్టిందే స్వివెల్ సాకెట్. మధ్యలో కీలు ఉండి, తల అటూ ఇటూ వంగుతుంది.

ఆ కీలు మీకు కొత్తదేం కాదు. ‘థియరీ ఆఫ్ మెషీన్స్’లో చదివిన హుక్స్ జాయింటే. లారీ ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో కనిపించే యూనివర్సల్ జాయింట్‌కు ఇది చిన్న రూపం.

వంపుకో లెక్క ఉంది

పరీక్షలో రాసి మర్చిపోయిన సూత్రాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఒకే హుక్స్ జాయింట్ వంగి తిరిగేటప్పుడు ఇటు సమానంగా తిప్పినా అటు సమానంగా తిరగదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. టార్క్ కూడా దానికి తగ్గట్టే మారుతుంది. ఘర్షణను పక్కన పెడితే ఆ మార్పు, వంపు కోణం కొసైన్ విలువకూ దాని విలోమానికీ మధ్య ఉంటుంది.

మీరు 100 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే బోల్టుకు చేరేది..

- 15 డిగ్రీల వంపులో: 96.6 నుంచి 103.5 వరకు
- 30 డిగ్రీల వంపులో: 86.6 నుంచి 115.5 వరకు
- 45 డిగ్రీల వంపులో: 70.7 నుంచి 141.4 వరకు

15 డిగ్రీల దగ్గర తేడా మూడు నాలుగు శాతమే. 45కు వచ్చేసరికి చెప్పిన బిగింపు ఒకటి, పడిన బిగింపు మరొకటి. బోల్టు వదులుగా మిగిలిపోవచ్చు. లేదా థ్రెడ్ పోవచ్చు. పైగా వంపు పెరిగేకొద్దీ సాకెట్‌ను బోల్టు మీద నుంచి పక్కకు నెట్టే బలమూ పెరుగుతుంది. షట్కోణపు మూలలు అరిగి తల గుండ్రంగా తయారయ్యేది ఇలాగే. ఆ తర్వాత పది నిమిషాల పని పూట పని అవుతుంది.

అందుకే గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే: బోల్టును చేరడానికి ఎంత వంపు అవసరమో అంతే తీసుకోవాలి. అంతకుమించి ఒక్క డిగ్రీ కూడా వద్దు.

నాలుగు రకాలు.. నాలుగు స్వభావాలు

వొబుల్ ఎక్స్‌టెన్షన్: ఇది మామూలు ఎక్స్‌టెన్షన్ రాడ్ లాంటిదే. కాకపోతే సాకెట్ ఎక్కే చదరపు కొసను కాస్త గుండ్రంగా చెక్కుతారు. దాంతో సాకెట్ సుమారు 15 డిగ్రీల వరకు ఒరుగుతుంది. కీలు లేదు, పిన్ను లేదు. అందుకే గట్టిది, చవకైనది. మీ దగ్గరున్న మామూలు సాకెట్లన్నిటికీ పనికొస్తుంది. పైన చెప్పిన లెక్క చూస్తే ముందుగా ప్రయత్నించాల్సింది ఇదే.

విడి యూనివర్సల్ జాయింట్: ఒక్కటి కొంటే అన్ని సైజుల సాకెట్లకూ తగిలించుకోవచ్చు. ఎక్కువ కోణంలో వంగుతుంది. ఇబ్బందులు రెండు. జాయింటూ, సాకెట్టూ కలిస్తే పొడవు పెరిగి ఇరుకులో దూరదు. పైగా కీలు వదులుగా ఉంటే తల వేలాడిపోతుంది. ఒక చేత్తో సాకెట్‌ను బోల్టు మీద కూర్చోబెట్టడమే పెద్ద పని.

ఒకే ముక్కగా ఉండే స్వివెల్ సాకెట్: కీలూ, సాకెట్టూ కలిపే చేస్తారు. కాబట్టి పొట్టిగా ఉంటుంది. చాలా వాటిలో లోపల చిన్న స్ప్రింగ్ ఉంటుంది. తలను ఏ కోణంలో పెడితే అక్కడే నిలుపుతుంది. చెయ్యి మాత్రమే పట్టి, కన్ను పడని చోట దీని విలువ తెలుస్తుంది. కానీ ప్రతి సైజుకూ ఒకటి కొనాలి.

ఇంపాక్ట్ స్వివెల్ సాకెట్: గాలితోనో, బ్యాటరీతోనో నడిచే ఇంపాక్ట్ గన్ కోసం చేసింది. గోడ మందంగా ఉంటుంది. బలం అక్కడి నుంచే వస్తుంది, చిక్కూ అక్కడే. బయటి వ్యాసం పెరగడం వల్ల గుంతలో ఉన్న బోల్టు చుట్టూ పట్టకపోవచ్చు.

పిన్నా.. బంతా?

కీలు తయారీలోనూ తేడాలున్నాయి. పిన్ రకంలో మధ్యలో ఓ దిమ్మె, దానికి అడ్డంగా రెండు పిన్నులు ఉంటాయి. బలమంతా ఆ పిన్నుల మీదుగానే వెళ్తుంది. గన్ దెబ్బలు పడేకొద్దీ పిన్నుల రంధ్రాలు సాగి కీలు లూజవుతుంది. మంచి విషయం ఏంటంటే, కొన్ని కంపెనీల వాటికి పిన్నులు విడిగా దొరుకుతాయి. మార్చుకుని వాడుకోవచ్చు.

పిన్ లేని రకంలో బంతి ఆకారపు కొస సాకెట్ లోపలి గూటిలో కూర్చుంటుంది. ఊడకుండా ఒక రింగ్ పట్టి ఉంచుతుంది. బలాన్ని బంతి ముఖాలు పంచుకుంటాయి. పొడవూ తగ్గుతుంది. ధర ఎక్కువ. అరిగితే సాధారణంగా మొత్తం మార్చాల్సిందే. రోజంతా గన్‌తో పనిచేసేవారికి ఇది నయం. చేతి రాట్చెట్‌తో అప్పుడప్పుడూ వాడేవారికి పిన్ రకం సరిపోతుంది.

నలుపు, మెరుపు తేడా

మెరిసే క్రోమ్ సాకెట్లు ఎక్కువగా క్రోమ్ వెనేడియం స్టీలువి, చేతి పనికి. నల్లటివి సాధారణంగా క్రోమ్ మాలిబ్డినం స్టీలువి, ఇంపాక్ట్ గన్‌కు. మెరిసేదాన్ని గన్‌కు తగిలిస్తే పగిలి ముక్కలు ఎగరొచ్చు. ఇక్కడ పోయేది పనిముట్టు కాదు, కన్ను! రంగు ఒక్కదాన్నే నమ్మకుండా, ఇంపాక్ట్ కోసం చేసిందని సాకెట్ మీదో, ప్యాకెట్ మీదో రాసి ఉందా చూడండి.

ఇంకో జాగ్రత్త. స్వివెల్‌ను బోల్టు మీద కూర్చోబెట్టకుండా గన్ నొక్కకూడదు. ఖాళీగా తిరిగితే తల కొరడాలా ఊగుతుంది. తిరుగుతున్న కీలును చేత్తో పట్టుకోవడం అసలే వద్దు. కళ్లద్దాలు తప్పనిసరి.

పని మీద ఉన్నప్పుడు..

- ఎక్స్‌టెన్షన్ కూడా వాడాల్సి వస్తే కీలు బోల్టు వైపు, ఎక్స్‌టెన్షన్ రాట్చెట్ వైపు ఉండాలి.
- మొదటి చుట్లు వేళ్లతోనే తిప్పండి. వంపులో బలవంతంగా మొదలుపెడితే థ్రెడ్ అడ్డంగా ఎక్కుతుంది.
- జామైన బోల్టుకు పన్నెండు మూలల సాకెట్ కంటే ఆరు మూలలదే మంచి పట్టు.
- స్పార్క్ ప్లగ్ దగ్గర పక్కబలం పడనివ్వొద్దు. తెల్లటి పింగాణీ చిట్లుతుంది.
- టార్క్ రెంచ్‌తో చివరి బిగింపు వీలైనంతవరకు నేరు సాకెట్‌తోనే. తప్పనిసరైతే వంపును బాగా తగ్గించండి.

మొదటి స్టైపెండ్‌తో ఏం కొనాలి?

పెద్ద సెట్టు కనిపించగానే కొనేయకండి. చేతి పనులతో మొదలుపెట్టేవారికి ఒక వొబుల్ ఎక్స్‌టెన్షన్, ఒక మంచి యూనివర్సల్ జాయింట్ చాలు. కార్ల పనికి మూడు ఎనిమిదో వంతు అంగుళం డ్రైవ్ బాగా ఉపయోగపడుతుంది. ఏ సైజు బోల్టు దగ్గర వీటితో పదే పదే ఇబ్బంది పడుతున్నారో రాసి పెట్టుకోండి. ఆ సైజులోనే స్వివెల్ సాకెట్ కొనండి. జపాన్ డిజైన్ కార్లలో 10, 12, 14 మిల్లీమీటర్లు ఎక్కువగా తగులుతాయి. యూరప్ డిజైన్లలో 13, 16 వంటివి కనిపిస్తాయి. కొనేముందు కీలును అన్ని వైపులా వంచి చూడండి. ఎక్కడా పట్టేయకూడదు, లొడలొడలాడకూడదు.

టెస్టులో ఇలా చెప్పండి

మళ్లీ ఆ బల్ల దగ్గరికి వద్దాం. పనిముట్టు అందుకునే ముందు బోల్టును చూడండి. దారి ఎటు ఉంది, ఎంత వంపు కావాలి, చుట్టూ చోటెంత, చెయ్యా గన్నా? ఈ నాలుగూ చూసుకున్నాక చెప్పండి:

‘సర్, నేరుగా దారి లేదు. కొద్ది వంపు చాలు కాబట్టి వొబుల్ ఎక్స్‌టెన్షన్ తీసుకుంటున్నా. అది అందకపోతేనే స్వివెల్. వంపు పెరిగితే టార్క్ సమానంగా పడదు, బోల్టు తల దెబ్బతింటుంది. బిగించేటప్పుడు మాత్రం వీలైతే నేరు సాకెట్ వాడతా.’

నాలుగైదు వాక్యాలే. కానీ వాటిలో మీరు చదివిన సూత్రం ఉంది, చేతిపని ఉంది, ఎదుటివారి బండి పాడు చేయరనే భరోసా ఉంది. రెండో ప్రశ్న అడిగేది ఆ భరోసా కోసమే. ఈ వారం కాలేజీ వర్క్‌షాప్‌కు వెళ్లినప్పుడు ఓ యూనివర్సల్ జాయింట్ తీసుకుని, వంచి, మెల్లగా తిప్పి చూడండి. పుస్తకంలోని కొసైన్ మీ చేతికే తెలుస్తుంది!