ఓటరు ఎంచుకునే జాబితా, చట్టం కేటాయించే సీటు

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని రాజయ్యపేట మత్స్యకారుల ఊరు. 2024 మే 13న ఇక్కడి ఓటరు రెండు ఓట్లు వేశారు. అనకాపల్లి లోక్‌సభ స్థానం జనరల్ కాబట్టి ఎంపీగా ఏ కులం వారైనా పోటీ చేయవచ్చు. ఊరు ఉన్న పాయకరావుపేట అసెంబ్లీ స్థానం మాత్రం ఎస్సీ రిజర్వుడు. ఆ రెండో యంత్రం మీద ఉండే అభ్యర్థులంతా ఎస్సీలే, మీట నొక్కేది మాత్రం అన్ని కులాల వారూ.

ఎస్టీ స్థానాలకూ ఇదే పద్ధతి. 1932 పూనా ఒప్పందంలో గాంధీ, అంబేద్కర్ వర్గాలు దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలకు బదులు ఉమ్మడి ఓటుతో రిజర్వుడు సీట్లకు అంగీకరించాయి. స్వతంత్ర భారతంలో రాజ్యాంగం 325వ అధికరణ ఒక్కో నియోజకవర్గానికి ఒకే ఓటర్ల జాబితా ఉండాలని నిర్దేశించింది.

న్యూజిలాండ్ దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడి ఆదివాసులైన మావోరీలకు 1867 చట్టం నాలుగు సీట్లు ఇచ్చింది. వందేళ్లు దాటినా ఆ నాలుగు నాలుగుగానే ఉండిపోయాయి. ఏ జాబితాలో చేరాలో మావోరీ సంతతి వారందరూ ఎంచుకునే హక్కు 1975లో గానీ రాలేదు. ఓటరుగా నమోదయ్యేటప్పుడు మావోరీ సంతతినని తెలిపినవారు మావోరీ జాబితాలోనో, సాధారణ జాబితాలోనో చేరతారు. మావోరీ సీటుకు ఓటేసేది ఆ జాబితాలోని వారే. అభ్యర్థి మావోరీ కానక్కరలేదు. 1993 చట్టంతో, జాబితాలో చేరేవారు పెరిగితే సీట్లూ పెరిగే ఏర్పాటు వచ్చింది. 2002 నుంచి ఆ సీట్లు ఏడు. 2023 మార్చి 31 నుంచి, ఎన్నికల ముందు కొద్ది నెలలు మినహా, ఎప్పుడైనా జాబితా మారవచ్చు.

ఆంధ్రప్రదేశ్ 175 అసెంబ్లీ స్థానాల్లోనూ ఎస్టీలకు ఏడే. వాటిలో పాడేరు, అరకులోయల్లో గిరిజనులే అధికులు కాబట్టి ఉమ్మడి జాబితాలోనూ వారి మాట చెల్లుతుంది. చిక్కంతా కొండ దిగువన ఉంది. గొలుగొండ, రావికమతం మండలాల్లోని కొండదొర గిరిజనుల పల్లెలు షెడ్యూల్డ్ ప్రాంతానికి బయట, నర్సీపట్నం, చోడవరం జనరల్ స్థానాల్లో ఉన్నాయి. ఆ గిరిజనులు పాడేరులో అభ్యర్థిగా నిలబడవచ్చు, అక్కడ ఓటు వేయలేరు. సొంత నియోజకవర్గంలో వేసే ఓట్లు గెలుపోటములను తేల్చేటన్ని లేవు. ఇది అన్యాయమే. ఏ ఊరు ఏ స్థానంలో ఉండాలో తేల్చేది నియోజకవర్గాల పునర్విభజన కమిషన్. వచ్చే పునర్విభజనలోనైనా ఈ పల్లెల వారిని అడిగి, ఆ తర్వాతే హద్దులు గీయాలి.