మగ్గం ముందు మిగిలిన పెద్దలు

మన స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో "తండ్రి వృత్తి" అన్న చోట "చేనేత" అని రాసేవారు ఇంకా ఉన్నారు. అదే ఫారంలో విద్యార్థి చదువు చూస్తే ఇంజనీరింగో, నర్సింగో ఉంటుంది. అంటే ఆ ఇంట్లో తరువాత మగ్గం ఎక్కేవారు లేరన్నమాట. ఇందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు, మనం స్కాలర్‌షిప్ ఇచ్చేదే అందుకు. కానీ వెనుక మిగిలిన పెద్దల సంగతి కూడా చూడాలి కదా.

దేశంలో చేనేత పనివారు 2009-10 లెక్కల్లో 43.31 లక్షలు, 2019-20 లెక్కల్లో 35.22 లక్షలు. కొత్తవారు చేరని పనిలో ఉన్నవారి వయసు పెరగక తప్పదు.

ఇంటి మగ్గానికి నెల జీతం లేదు, మజూరి ఉంది. చీర దిగితేనే డబ్బు. యాభై అయిదు దాటాక చూపు మందగిస్తుంది, సన్న నూలులో తెగిన పోగు త్వరగా దొరకదు. గుంట మగ్గంలో ఏళ్ల తరబడి కూర్చున్న నడుము, మోకాళ్లు మొరాయిస్తాయి. నాలుగు రోజుల్లో దిగే చీరకు ఆరు రోజులు పడితే, మజూరి మారకపోయినా రోజు సంపాదన మూడో వంతు తగ్గినట్టే. మందుల ఖర్చు సరిగ్గా అప్పుడే మొదలవుతుంది.

పైగా నేత ఒక్కరి పని కాదు. కండెలు చుట్టాలి, ఆసు పోయాలి, రంగు వేయాలి, అచ్చు అతకాలి. వీధికంతా అచ్చు అతికే మనిషి ఒక్కరే మిగిలి, ఆయన మంచాన పడితే, బాగా నేయగలవారి మగ్గాలూ ఆగిపోతాయి. సరుకు సమయానికి అందకపోతే సావుకారు మరమగ్గం గుడ్డకు మారతాడు. అలా మారినవాణ్ణి వెనక్కి తేవడం చాలా కష్టం.

బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి నేతలో మన తెలుగు దేవాంగులే ముఖ్యులు. ఆ గుర్తింపు వల్ల ఇతరులు ఆ పేరు వాడుకోలేరు, అంతవరకే. నేయడానికి పిల్లలు రావాలంటే మజూరి పెరగాలి.

2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజనలో 60 ఏళ్ల తరువాత నెలకు 1,000 నుంచి 5,000 రూపాయల వరకు వస్తుంది. అయితే చేరే వయసు 18 నుంచి 40 వరకే. బిడ్డ కాలేజీకి వచ్చేసరికి చాలామంది తండ్రులకు అది దాటిపోయి ఉంటుంది. ఇంట్లో చిన్నాన్నో, పిన్నో ఇంకా నలభై లోపు ఉంటే, మన విద్యార్థులే వారిని బ్యాంకుకు తీసుకువెళ్లి ఈ సంవత్సరమే చేర్పించాలి.