ఒక తూముకు ఒకే నీరుగంటి

అనంతపురం కరవు సీమ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ పీఠభూమిలో చెరువు నీటిని పంచడమే ఒక విద్య. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంత పారించాలో నిర్ణయించేవాడు నీరుగంటి. ఆ బాధ్యతను ఇద్దరికి అప్పగిస్తే ఒకడు తెరచిన తూమును మరొకడు మూస్తాడు; ఎండేది పైరే.

లినక్స్ కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌తో కలిపే సాధనాలకూ ఈ నియమం వర్తిస్తుంది. వైఫైతోనో, తీగతోనో అనుసంధానం చేయడం, ఐపీ చిరునామా సంపాదించడం, వెబ్‌సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ సర్వరును గుర్తుంచుకోవడం వీటి పని.

కళాశాల ప్రయోగశాలలో బల్లమీద కదలకుండా ఉండే కంప్యూటర్‌కు ఆర్భాటం అనవసరం. చిరునామాను ఒక ఫైలులో ఒకసారి రాస్తే చాలు. డెబియన్‌లోని ఇఫ్‌అప్‌డౌన్, లేదా సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ ఇందుకు సరిపోతాయి.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. పగలు కళాశాల వైఫై, రాత్రి హాస్టల్ వైఫై, సెలవుల్లో ఊరికి వెళితే ఫోన్ హాట్‌స్పాట్! ఇలా తిరిగే యంత్రానికి రెడ్‌హ్యాట్ సంస్థ 2004లో ప్రారంభించిన నెట్‌వర్క్‌మేనేజర్ తగినది. ఒకసారి కలిసిన వైఫైని అది గుర్తుంచుకుంటుంది. అంతకన్నా మేలైన గుణం మరొకటి ఉంది. ఫోన్ హాట్‌స్పాట్‌ను ‘పరిమిత డేటా గల అనుసంధానం’గా గుర్తుపెడితే, గ్నోమ్ వంటి డెస్క్‌టాప్‌లు పెద్ద అప్‌డేట్లను తమంతట తాము దింపుకోవు. ప్రవేశ పరీక్ష దరఖాస్తుకు చివరి రోజున డేటా అయిపోయిన విద్యార్థికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

పాత పుస్తకాలు కొన్ని విక్డ్ అనే సాధనాన్ని మెచ్చుకుంటాయి. అది తేలికైనదే. కాని అది పైథాన్ 2 మీద ఆధారపడింది. ఆ భాషకు 2020లో మద్దతు ముగిసింది. 2021లో వెలువడిన డెబియన్ 11లో విక్డ్‌కు చోటు దక్కలేదు. సలహా మంచిదైనా, దాని వయస్సు చూడాలి.

సాధనం మార్చదలచినవారు తొందరపడి పాతదాన్ని తొలగించరాదు. నెట్‌వర్క్ తెగిపోతే కొత్తదాన్ని దింపుకొనే దారి కూడా తెగిపోతుంది. ముందుగా కొత్త సాధనాన్ని దింపి స్థాపించాలి. తరువాత పాతదాన్ని ఆపి, కంప్యూటర్‌ను మళ్లీ ప్రారంభించి చూడాలి. అనుసంధానం నిలిచిందని రూఢి అయిన పిమ్మటే పాత నీరుగంటిని పంపివేయాలి.